స్కాన్‌ని ఏం అడగాలి?

పిల్ల వినికిడిని కొలిచే బెరా పరీక్ష అయింది. రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపమని రాశారు. డాక్టరుగారు సీటీ, ఎమ్మారై రాసిచ్చి "ఇవి తీయించుకుని రండి, చూద్దాం" అన్నారు. ఇంటికొచ్చాక అందరి ఆశా ఆ చీటీ మీదే. బెరా తీసేటప్పుడు పిల్ల సరిగ్గా నిద్రపోలేదు కదా, అది తప్పేమో, స్కాన్‌లో అంతా బాగానే ఉందని తేలుతుందేమో అని తాతయ్య అంటాడు. కాదనే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు.

ఆ ఆశ దగ్గరే చాలా కుటుంబాలు నెలలు పోగొట్టుకుంటున్నాయి. అందుకే ముందే చెబుతున్నాను. బిడ్డకు ఎంత వినపడుతోందో స్కాన్ చెప్పదు. అది చెప్పేవి బెరా, ఓఏఈ, ఆడియాలజిస్టు తన గదిలో శబ్దాలు వినిపించి పిల్ల తీరు గమనించే పరీక్షలు. చెవి లోపలి కట్టడం ఎలా ఉంది, అక్కణ్నుంచి మెదడుకు వెళ్లే నరం ఉందా, రేపు కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరాన్ని లోపల పెట్టే ఆపరేషన్ చేస్తే దాని వైరు ఏ దారిన పోవాలి అన్నవాటికే స్కాన్ జవాబిస్తుంది. అంటే అది ప్రధానంగా సర్జన్‌కు కావలసిన సమాచారం. మీకు పనికొచ్చేది అందులోంచి మీరు అడిగి రాబట్టుకోవాలి.

స్కాన్ కోసం హియరింగ్ ఎయిడ్‌ను ఆపవద్దు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలన్నది ప్రపంచమంతా పాటిస్తున్న లెక్క. మన ఊళ్లలో నిర్ధారణకే ఏడాది దాటిపోతోంది. దాని మీద మళ్లీ స్కాన్ డేట్ దొరకలేదనీ, జలుబు తగ్గలేదనీ, మూఢం వచ్చిందనీ ఆలస్యం చేస్తే ఆ భారమంతా పిల్ల మాటల మీద పడుతుంది. నిర్ధారణ అయిన వారంలోనే ఎయిడ్ పెట్టించి, స్పీచ్ థెరపీకి పేరు రాయించండి. స్కాన్ తన దారిన తాను నడుస్తుంది.

లోపలి చెవి ఎక్కడుందో కొంచెం తెలిస్తే రిపోర్టు అర్థమవుతుంది. బయటి డొప్ప, దాని వెనక కర్ణభేరి, ఆ వెనక మూడు చిన్న ఎముకలు. అవి దాటాక, పుర్రెలోకెల్లా గట్టి ఎముకలో, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. బడి పుస్తకాల్లో కర్ణావర్తం అని చదువుకున్నాం, ఆస్పత్రిలో అందరూ కాక్లియా అనే అంటారు. దాని పక్కనే శరీరం తూలకుండా చూసే మూడు అర్ధవర్తుల కుల్యలు. పుట్టిన రోజుకే కాక్లియా పెద్దవాళ్లంత సైజుకు వచ్చేసి ఉంటుంది. ఏడాది పిల్లకు ఇంప్లాంట్ పెడితే ఎదిగాక అది చాలదేమో, మార్చాలేమో అని భయపడేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి.

ఆ రెండున్నర చుట్లు ఎప్పుడు తయారవుతాయి? గర్భం నిలిచిన ఎనిమిది, పది వారాలకల్లా చుట్లు తిరగడం దాదాపు పూర్తవుతుంది. చాలామంది ఆడవాళ్లకు అప్పటికి కడుపుతో ఉన్న సంగతి తెలిసి కొద్ది వారాలే అయి ఉంటుంది. ఏడో నెలలో గ్రహణం రోజు బయటికి వచ్చిందనో, తొమ్మిదో నెలలో బస్సు ప్రయాణం చేసిందనో, పెళ్లిలో డీజే పక్కన కూర్చుందనో కోడల్ని సాధించే ఇళ్లకు ఈ లెక్క చదివి వినిపించాలి. ఎముక కట్టడంలో తేడా ఉంటే, ఆ తేడా ఆ గ్రహణానికి చాలా ముందే వచ్చేసింది. కట్టడంలో తేడా లేకపోతే కారణం చాలాసార్లు జన్యువుల్లో ఉంటుంది, కొన్నిసార్లు సైటోమెగలో వంటి వైరస్ వల్ల. గ్రహణానికి ఇందులో పాత్ర లేదు.

ఎక్కువమంది చేతికి వచ్చే రిపోర్టు ఎలా ఉంటుందంటే: కాక్లియా నార్మల్, కుల్యలు నార్మల్, నరాలు నార్మల్. పుట్టు చెవుడున్న పిల్లల్లో ఎముక కట్టడంలోని లోపం స్కాన్‌లో కనబడేది సుమారు ఐదో వంతు మందిలోనే. మిగతావాళ్లలో లోపం ఇంకా లోతున, పొరల్లోనో, శబ్దాన్ని విద్యుత్తుగా మార్చే కేశ కణాల్లోనో ఉంటుంది. వాటిని చూడగలిగే స్కాన్ ఇప్పటికి లేదు. నార్మల్ అన్న మాట చూసి ఎయిడ్ తీసి బీరువాలో పెట్టేసిన కుటుంబాలున్నాయి. దయచేసి ఆ పని చేయొద్దు. స్కాన్ నార్మల్, బెరాలో తీవ్ర లోపం, ఈ రెండూ ఒకే పిల్లలో కలిసి ఉంటాయి, అదే మామూలు. పైగా ఇంప్లాంట్ దాకా వెళ్లేవాళ్లకు ఇది మంచి కబురు. చుట్లు సరిగ్గా ఉన్నాయి, నరం ఉంది, వైరు సులువుగా వెళ్తుంది.

ఇలా నార్మల్ వచ్చిన పిల్లల్లో తరచూ దొరికే జన్యువు జీజేబీ2, కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌ను తయారుచేసేది. తల్లిదండ్రులిద్దరూ హాయిగా వింటూ, చెరొక లోపపు ప్రతిని మోస్తూ ఉంటారు. బిడ్డకు రెండు ప్రతులూ వస్తే చెవుడు. మేనరికాల్లో ఇద్దరిదీ ఒకే వంశం కాబట్టి ఇలా కలిసే అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధాల్లోనూ జరుగుతుంది, కాబట్టి మేనరికం చేసుకున్నవాళ్లను దోషుల్ని చేయాల్సిన పని లేదు. రెండో బిడ్డ గురించి ఆలోచించేవాళ్లు మాత్రం జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ గురించి డాక్టర్ని అడగాలి. స్కాన్ చేతులెత్తేసిన చోట చాలాసార్లు ఆ రక్త పరీక్ష కారణం చెబుతుంది.

ఇక రెండు స్కాన్లు ఎందుకన్న ప్రశ్న. సీటీ ఎముకను చూపిస్తుంది. అర మిల్లీమీటరుకు అటూఇటూగా, పలచటి ముక్కలుగా. చుట్లు ఎన్ని, మధ్య గోడలున్నాయా, ముఖాన్ని కదిలించే నరం ఎముకలో ఏ దారిన పోతోంది అన్నవి అందులో తెలుస్తాయి. ఆ నరం దారి సర్జన్‌కు ప్రాణం లాంటిది, దెబ్బ తగిలితే పిల్ల మూతి వంకరవుతుంది. ఎమ్మారై ద్రవాన్నీ నరాన్నీ చూపిస్తుంది. లోపలి చెవిలోని నీరు తెల్లగా, అందులో నరాలు నల్లటి పోగుల్లా కనిపిస్తాయి. దానితోపాటే మెదడునూ చూస్తారు. సీటీ సెకన్లలో అయిపోతుంది, కానీ ఎక్స్‌రే కిరణాలు వాడుతుంది. ఎమ్మారైలో కిరణాలు లేవు, కానీ అరగంటో ముప్పావు గంటో పిల్ల కదలకూడదు, అందుకే మత్తిస్తారు. పిల్లలకు తగ్గట్టు మోతాదు తగ్గించి తీసిన ఒక్క సీటీకి బెంబేలు పడక్కర్లేదు. అదే సీటీని మూడు ఆస్పత్రుల్లో మూడుసార్లు తీయించడమే తప్పు. ఏదో ఒక్కటే ముందు తీయించాలంటే, రెండు చెవులూ పూర్తిగా వినపడని బిడ్డకు నేనైతే ఎమ్మారై వైపు మొగ్గుతాను, ఎందుకంటే నరం సంగతి తేల్చేది అదే. మీ సర్జన్ రెండూ కావాలంటే ఆయన మాటే వినండి. కత్తి పట్టేది ఆయన.

చీటీ మీద ఏం రాశారో స్కానింగ్ సెంటర్‌కు వెళ్లకముందే చూసుకోండి. ఊరికే 'ఎమ్మారై బ్రెయిన్' అని రాస్తే మెదడు తీసి పంపించేస్తారు. లోపలి చెవికి పలచటి ముక్కలు తీయరు, మళ్లీ మత్తు, మళ్లీ డబ్బు. 'బ్రెయిన్‌తోపాటు ఇన్నర్ ఇయర్, ఐఏసీ, త్రీడీ టీ2' అని ఉండాలి. సీటీకైతే 'హెచ్‌ఆర్‌సీటీ టెంపొరల్ బోన్'. ఫోన్ చేసి "చిన్నపిల్లలకు ఇన్నర్ ఇయర్ తీస్తారా? మత్తు డాక్టరు ఉంటారా?" అని అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే వేరే సెంటర్ చూసుకోండి. మత్తులో ఉన్న పసిబిడ్డ ఊపిరిని గమనించే మనిషి లేని చోట, ఎంత చవకైనా, స్కాన్ వద్దు. అలాగే బెరా మళ్లీ చేయాల్సి ఉంటే ఒకే మత్తులో రెండూ అవుతాయేమో అడగండి. పెద్ద ఆస్పత్రుల్లో వీలవుతుంది.

స్కాన్ రోజు తంతు గురించి ఎవరూ వివరంగా చెప్పరు. మత్తుకు ముందు మామూలుగా పాటించే గడువులు ఇవి: అన్నం, పోత పాలు ఆరు గంటల ముందే ఆపాలి, తల్లి పాలు నాలుగు గంటల ముందు. మీ మత్తు డాక్టరు వేరేలా చెబితే అదే పాటించండి. అందుకే పొద్దుటి మొదటి స్లాట్ అడగాలి, లేకపోతే ఆకలికి పిల్ల ఏడుపు, దాన్ని చూసి అమ్మమ్మ ఏడుపు. "రెండు బిస్కెట్లే కదా" అని ఎవరో చాటుగా పెడతారు. కడుపులో ఆహారంతో మత్తిస్తే అది వాంతై ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది, కాబట్టి ఆ బిస్కెట్ల సంగతి దాచకుండా చెప్పి, డేట్ మార్చుకోవడమే మేలు. జ్వరం, గట్టి జలుబు ఉన్నా ఫోన్ చేసి అడగాలి. ఆరు నెలల్లోపు పిల్లలకు కొన్ని చోట్ల మందే లేకుండా, కడుపునిండా పాలిచ్చి, గుడ్డలో గట్టిగా చుట్టి, సహజంగా నిద్రపుచ్చి తీస్తారు. కుదిరితే అది అన్నిటికన్నా మేలు.

ఎమ్మారై గది గుమ్మం దగ్గర మన ఇళ్ల పిల్లల ఒంటి మీద ఉండేవన్నీ తీయాలి. చెవి పోగులు, పట్టీలు, మురుగులు, మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు. మొలతాడు తీయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. తాయెత్తులోని రేకు ఏ లోహమో ఎవరికీ తెలియదు, కాబట్టి తీయక తప్పదు. పిల్లతోపాటు తల్లి లోపలికి వెళ్తుంటే పుస్తెలు, మెట్టెలు, జడ పిన్నులు, అన్నిటికన్నా ముఖ్యంగా చీరకు పెట్టుకున్న పిన్నీసులు తీసేయాలి. ఎమ్మారై మెషీన్‌లోని అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్టీలు పిన్నీసు చీరలోంచి ఊడి గాల్లోకి లేస్తుంది. హియరింగ్ ఎయిడ్ బయటే ఉండాలి, లోపలికి తీసుకెళ్తే పాడైపోతుంది. పిల్లను వేరే కుటుంబసభ్యుల చేతిలో పెట్టేటప్పుడు ఇవన్నీ వాళ్లకూ చెప్పాలి.

ఇంకొకటి. ఎమ్మారై మెషీన్ చేసే మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. అందరికీ చెవుల్లో దూదో, మూతలో పెడతారు. మీ బిడ్డ దగ్గరికొచ్చేసరికి టెక్నీషియన్ "ఈ పాపకు వినపడదు కదమ్మా" అని వదిలేయవచ్చు. ఒప్పుకోవద్దు. తీవ్ర లోపం ఉన్న పిల్లల్లోనూ తరచుగా ఎంతో కొంత వినికిడి మిగిలి ఉంటుంది, హియరింగ్ ఎయిడ్ నిలబడేది దాని మీదే. ఆ మిగిలినదాన్ని కాపాడమని మీరే గట్టిగా అడగాలి.

రిపోర్టు వచ్చాక పేజీ చివరి రెండు లైన్లు చదివి వదిలేయకండి. ఫిల్ములతోపాటు సీడీ తప్పనిసరిగా తీసుకోండి. ఇంప్లాంట్ సర్జన్లు రిపోర్టు కన్నా బొమ్మల్నే నమ్ముతారు, తామే స్క్రీన్ మీద తిప్పితిప్పి చూస్తారు. ఆ సమయంలో ఒక్క బొమ్మ చూపించమని అడగండి. లోపలి చెవి నుంచి మెదడుకు పోయే ఎముక సొరంగాన్ని (ఐఏసీని) అడ్డంగా కోసినట్టు తీసిన బొమ్మ అది. తెల్లటి గుండ్రంలో నాలుగు నల్లటి చుక్కలు కనిపించాలి. ముందు వైపు పైన ఉన్నది ముఖ నరం, దాని కింద ఉన్నది వినికిడి నరం, వెనక రెండూ శరీరం తూలకుండా చూసేవి. వినికిడి చుక్క సాధారణంగా ముఖ నరానికి సమానంగానో కాస్త లావుగానో ఉంటుంది. అది సన్నగా ఉంటే, లేదా కనిపించకపోతే, ఇంప్లాంట్ గురించిన మాట మొత్తం మారిపోతుంది. చదువురాని తల్లి కూడా ఆ నాలుగు చుక్కల్నీ లెక్కపెట్టగలదు, నన్నడిగితే ప్రతి తల్లీ లెక్కపెట్టాలి.

పుట్టగానే చేసే ఓఏఈ పరీక్షలో 'పాస్' అయి, తర్వాత బెరాలో ఏమీ రాని పిల్లల్లో ఈ నరం సంగతి ఇంకా ముఖ్యం. అంటే కాక్లియా పనిచేస్తోంది, కబురు మెదడుకు చేరడం లేదు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ముదిరిన పిల్లల్లోనూ ఇలా జరుగుతుంది, అసలు నరమే సరిగా ఏర్పడని పిల్లల్లోనూ జరుగుతుంది. రెండింటినీ విడదీసేది ఎమ్మారైయే. ఒక్క చెవే పుట్టుకతో వినపడని పిల్లల్లో కూడా నరం లోపం తరచుగా కనిపిస్తుంది.

కట్టడంలో తేడా ఉందని వస్తే రిపోర్టులో మోండిని అన్న పేరు కనిపించవచ్చు. కార్లో మోండిని ఇటలీలోని బొలోన్యా నగరపు వైద్యుడు. పుట్టు చెవుడున్న ఎనిమిదేళ్ల కుర్రవాడు బండి ప్రమాదంలో దెబ్బతిని చనిపోతే, అతని చెవిని కోసి చూసి, రెండున్నరకు బదులు ఒకటిన్నర చుట్లే ఉన్నాయని 1791లో ప్రకటించాడు. ఎక్స్‌రేలు రావడానికి వందేళ్ల ముందు. తర్వాత చాలాకాలం డాక్టర్లు లోపలి చెవిలో ఏ వంకర కనిపించినా మోండిని అనేసేవారు. ఇప్పటికీ కొందరు అలాగే రాసేస్తారు, అది సరిపోదు. తుర్కియేకు చెందిన సర్జన్ సెన్నరోగ్లు, తన సహోద్యోగితో కలిసి 2002లో ఇచ్చి, తర్వాత విస్తరించిన వర్గీకరణ ప్రకారం రకం స్పష్టంగా రాయమనండి, ఎందుకంటే రకాన్నిబట్టే ముందున్న దారి ఉంటుంది. అసలైన మోండిని, అంటే కాక్లియా లోపలి గోడలు పూర్తిగా ఏర్పడని 'అసంపూర్ణ విభజన' రెండో రకంలో, ఇంప్లాంట్ ఫలితాలు చాలావరకు మామూలు కాక్లియా ఉన్న పిల్లలతో పోల్చదగినంత బాగుంటాయి. ఒకటో రకంలోనూ, మూడో రకంలోనూ ఆపరేషన్‌లో మెదడు చుట్టూ ఉండే నీరు ఉబికి వచ్చే ప్రమాదముంది, ముందే తెలిస్తే సర్జన్ సిద్ధంగా ఉంటాడు. చుట్లే లేకుండా అంతా ఒకే గదిలా ఉంటే ఇంప్లాంట్ పెట్టవచ్చు, ఫలితం ఒక్కో పిల్లలో ఒక్కోలా ఉంటుంది. ఈ రకాల్లో కొన్నింటిలో మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, మళ్లీమళ్లీ రావచ్చు. వినపడని బిడ్డకు ఆ జబ్బు రెండోసారి వచ్చిందంటే చెవి స్కాన్ అడగండి, న్యూమోకోకల్ టీకాలన్నీ పడ్డాయో లేదో చూసుకోండి.

పెద్దదైన వెస్టిబ్యులార్ ఆక్విడక్ట్ అన్నది తరచుగా వచ్చే ఇంకో కబురు. లోపలి చెవి నుంచి బయల్దేరే ఒక సన్నటి ఎముక నాళం మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే అలా అంటారు. ఈ పిల్లలు మొదట్లో కొంత వింటారు, మాటలు కూడా వస్తాయి. మంచం మీంచి పడ్డాకో, తలకు చిన్న దెబ్బ తగిలాకో ఒక్కసారిగా వినికిడి పడిపోతుంది. అందుకని కబడ్డీ, తలతో ఢీకొట్టే ఆటలు, నీళ్లలోకి తలకిందులుగా దూకడం వద్దంటారు. బండి ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టుకుని హెల్మెట్ లేకుండా తిప్పే అలవాటు ఈ పిల్లల విషయంలో పూర్తిగా మానేయాలి. వినికిడి తగ్గినట్టు అనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ కూడా చూపించాలి, ఎందుకంటే పెండ్రెడ్ సిండ్రోమ్‌లో ఈ రెండూ కలిసి వస్తాయి. ఇక కుల్యలు సరిగ్గా ఏర్పడని పిల్లలు మెడ నిలపడం, నడవడం ఆలస్యం చేస్తారు. బుద్ధి మాంద్యమని ఎవరైనా తొందరపడితే ఈ రిపోర్టు చూపించండి.

పుట్టు చెవుడు కాకపోయినా ఒక పరిస్థితి ఇక్కడే చెప్పాలి. మెనింజైటిస్ తగ్గాక వినికిడి పోతే స్కాన్‌కు వారాలు ఆగకూడదు. కాక్లియాలోని నీటి స్థానంలో ఎముక పెరగడం మొదలవుతుంది, పూర్తిగా పూడిపోతే వైరు పట్టదు. ఈ మార్పు సీటీ కన్నా ముందు ఎమ్మారైలో కనిపిస్తుంది.

ఇక ఎవరూ వినకూడదనుకునే రిపోర్టు: కాక్లియా లేదు, లేదా నరం లేదు. అలాంటి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టి ప్రయోజనం ఉండదు. అయితే ఒక జాగ్రత్త. నరం మరీ సన్నగా ఉంటే ఎమ్మారై పట్టుకోలేకపోవచ్చు. ఎయిడ్ పెట్టినప్పుడు పిల్ల శబ్దానికి తిరుగుతోందని మీకు, ఆడియాలజిస్టుకు గట్టిగా అనిపిస్తే బొమ్మ కన్నా పిల్ల ప్రవర్తనకే విలువ ఎక్కువ. నిజంగానే లేదని తేలితే మెదడు కాండం మీద నేరుగా ఎలక్ట్రోడ్ పెట్టే ఇంప్లాంట్ ఉంది, చెన్నైలో పిల్లలకు చేస్తున్నారు. అది పెద్ద ఆపరేషన్, ఫలితం కాక్లియర్ ఇంప్లాంట్ అంత ఉండదు, తేల్చుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయమంతా బిడ్డ భాష లేకుండా ఉండకూడదు. సైగల భాష ఆ రోజే మొదలుపెట్టండి, ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. సైగలు నేర్పితే మాటలు రావని చెప్పేవాళ్లను నేను నమ్మను, నరమే లేని బిడ్డ విషయంలో ఆ మాటకు అర్థమే లేదు.

ఖర్చు గురించి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవలోనూ, తెలంగాణలో ఆరోగ్యశ్రీలోనూ, కేంద్రం అడిప్ పథకంలోనూ కాక్లియర్ ఇంప్లాంట్‌కు సాయం ఉంది. అడిప్ వ్యవహారం చూసేది ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉంది. అన్నింట్లోనూ వయసు పరిమితి ఉంటుంది, నిబంధనలు మారుతూ ఉంటాయి, అందుకే బెరా రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే వెళ్లి విచారించండి. స్కాన్ బయట తీయించుకుంటే ఆ ఖర్చు తిరిగి రాకపోవచ్చు, పథకంలో ఉన్న ఆస్పత్రిలోనే తీస్తారేమో ముందు అడగండి.

ఆపరేషన్ అయ్యాక వైరు సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ఒక ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్మును పాత సీడీలతో కలిపి ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఇంప్లాంట్ కంపెనీ ఇచ్చే కార్డు జిరాక్సులు తీయించి ఒకటి బడి సంచిలో, ఒకటి తాతగారింట్లో ఉంచండి. చర్మం కింద అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇకపై పిల్లకు మోకాలికైనా ఎమ్మారై రాస్తే ముందు ఆ కార్డు చూపించాలి. మోడల్‌నిబట్టి కొన్నింటికి కట్టు కట్టి తీస్తారు, కొన్నింటికి అయస్కాంతం తాత్కాలికంగా తీయాల్సి వస్తుంది.